కరోనా ఎక్స్‌గ్రేషియా: మా చిన్నమ్మకు యాభై వేలు ఎలా వచ్చాయంటే

మా చిన్నాయన 2021 మే నెలలో పోయాడు, కరోనా రెండో వేవ్‌లో. ట్రాలీ ఆటో నడిపేవాడు. అది ఫైనాన్స్ మీద తీసుకున్న బండి. ఇంట్లో చిన్నమ్మ, ఇంటర్ చదివే కూతురు, తొమ్మిదో తరగతి కొడుకు. చిన్నమ్మకు సంతకం చేయడం వచ్చు, చదవడం రాదు. ఊరు వరంగల్ నుంచి బస్సులో రెండు గంటల దూరం. కరోనాతో చనిపోయినవాళ్ల కుటుంబాలకు ఇస్తామన్న యాభై వేలు ఆమె చేతికి రావడానికి ఏమేం చేయాల్సి వచ్చిందో రాస్తున్నాను. ఆ దరఖాస్తుల గడువు ఎప్పుడో అయిపోయింది. అయినా రేపు వరదొచ్చినా, పిడుగు పడినా కాగితాల దారి ఇంచుమించు ఇదే. ఎవరికైనా పనికొస్తుందని రాయడం.

చిన్నాయనకు జ్వరం వచ్చినప్పుడు మండల కేంద్రంలో ర్యాపిడ్ టెస్టు చేస్తే నెగెటివ్ వచ్చింది. తర్వాత ఆయాసం మొదలైంది. వరంగల్ తీసుకెళ్తే సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో చూపే స్కోరు 25కి 18. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కోవిడ్ వార్డులోనే చేర్చుకున్నారు. ఆక్సిజన్ పెట్టారు, రెమ్‌డెసివిర్ ఇచ్చారు. ఆర్‌టీపీసీఆర్ మాత్రం చేయించలేదు. స్కాన్‌లోనే తెలుస్తోంది కదా, ఇంక ఎందుకన్నారు. ఆయన పోయాక శవాన్ని జిప్పు కవర్‌లో చుట్టి, ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి, అంబులెన్సులో నేరుగా శ్మశానానికి పంపించారు. ఆసుపత్రి ఇచ్చిన కాగితంలో మరణ కారణం దగ్గర మాత్రం 'కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్' అని ఉంది. గుండె ఆగి, ఊపిరి ఆగి పోయాడట. ఆ రెండూ ఆగకుండా పోయేదెవరు?

డబ్బు వస్తుందన్న ఆశ అప్పుడు ఎవరికీ లేదు. నిజానికి 2020 మార్చి 14న కేంద్ర హోం శాఖ కరోనాను విపత్తుగా ప్రకటిస్తూ రాష్ట్రాలకు రాసిన లేఖలో, చనిపోయినవాళ్ల కుటుంబానికి నాలుగు లక్షలు అని ఉంది. అదే రోజు ఆ లేఖను మార్చి మళ్లీ పంపారు. కొత్త లేఖలో నాలుగు లక్షల మాట లేదు. వరదలోనో తుపానులోనో చనిపోతే మాత్రం రాష్ట్ర విపత్తు నిధి నుంచి నాలుగు లక్షలు ఇచ్చే నిబంధన అలాగే ఉంది. ఈ సంగతి చెప్పినప్పుడు చిన్నమ్మ, "వాగుల కొట్టుకపోతె నాలుగు లచ్చలు, రోగమొచ్చి పోతె ఏం లేదా? సచ్చుట్ల గూడ తేడానా బిడ్డా?" అంది. ఇంచుమించు ఆ ప్రశ్ననే గౌరవ్ కుమార్ బన్సల్, రీపక్ కన్సల్ అనే ఇద్దరు లాయర్లు సుప్రీంకోర్టులో వేశారు.

వాళ్లు పట్టుకున్నది 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంలోని 12వ సెక్షన్‌ను. విపత్తులో నష్టపోయినవాళ్లకు కనీసం ఏమేం ఇవ్వాలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ, అంటే ఎన్‌డీఎంఏ, మార్గదర్శకాలు ఇవ్వాలని ఆ సెక్షన్ చెప్పింది. శిబిరాల్లో తిండి, నీళ్లు, వైద్యం ఒకటి. వితంతువులకు, అనాథ పిల్లలకు ప్రత్యేక ఏర్పాట్లు ఇంకొకటి. ప్రాణం పోతే ఎక్స్‌గ్రేషియా మరొకటి. అంత మందికి అంత డబ్బు ఇవ్వాలంటే ఖజానా తట్టుకోలేదని కేంద్రం వాదించింది. 2021 జూన్ 30న జస్టిస్ అశోక్ భూషణ్, జస్టిస్ ఎం.ఆర్. షా ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ఎంత ఇవ్వాలో మేం చెప్పం గానీ, మార్గదర్శకాలు ఇవ్వకుండా ఊరుకోవడం కుదరదని తేల్చింది. సెప్టెంబరు 11న ఎన్‌డీఎంఏ యాభై వేలని నిర్ణయించింది. అక్టోబరు 4న కోర్టు దానికి ఒప్పుకుంది. నాలుగు లక్షల్లో ఎనిమిదో వంతు. నాకైతే ఇప్పటికీ మింగుడుపడని లెక్క అది.

తెలంగాణలో మీసేవ ద్వారా దరఖాస్తు పెట్టమన్నారు. మరణ ధ్రువపత్రం, ఇద్దరి ఆధార్లు, బ్యాంకు పాస్‌బుక్, కరోనా అని చూపే రిపోర్టు. అన్నీ ఉన్నాయి, ఆ చివరిది తప్ప. ఉన్న స్కాన్ రిపోర్టే పెట్టి దరఖాస్తు చేశాం.

అసలు కష్టం ఫోన్ నంబరు దగ్గర మొదలైంది. చిన్నమ్మ ఆధార్‌కు, బ్యాంకుకు, గ్యాస్‌కు, రేషన్ కార్డుకు అన్నిటికీ ఉన్నది చిన్నాయన నంబరే. ఇంట్లో ఒక్క ఫోనే ఉండేది, అది ఆయన జేబులో ఉండేది. ఆయన పోయాక రీచార్జి చేయించలేదు. ఎక్కడికి పోయినా ఓటీపీ చెప్పమంటారు. అది చనిపోయిన మనిషి సిమ్‌కు వెళ్తుంది. చివరికి ఆ సిమ్‌ను వెతికి, పిల్లవాడి ఫోన్‌లో వేసి, రీచార్జి చేయించాం. "ఆయన లేకున్నా ఆయన నంబరుకు పైసలు గట్టుడేంది" అని చిన్నమ్మ గొణిగింది గానీ, చాలా రోజులు ఆ నంబరు మీదే పని నడిచింది. ఆధార్ కేంద్రంలో కొత్త నంబరు ఎక్కిద్దామంటే వేలిముద్రలు పడలేదు. ఏటా పత్తి ఏరే చేతులు, గీతలన్నీ అరిగిపోయాయి. వేలికి కొబ్బరినూనె రాసి, తుడిచి, మళ్లీ పెట్టి, ఆ కుర్రాడు ఓపిగ్గా చేయబట్టి పడింది.

కొన్ని వారాల తర్వాత దరఖాస్తు తిరస్కరించినట్టు మెసేజ్ వచ్చింది. ఒక ఆఫీసులో అడిగితే రెండు కారణాలు చెప్పారు. ఆర్‌టీపీసీఆర్ పాజిటివ్ లేదు, మరణ ధ్రువపత్రంలో కరోనా అని లేదు.

ఈ రెండోది విని నాకు తిక్క రేగింది. మున్సిపాలిటీవాళ్లు ఇచ్చే మరణ ధ్రువపత్రంలో కారణం ఎవరికీ ఉండదు. పేరు, తేదీ, స్థలం, తల్లిదండ్రుల పేర్లు, చిరునామా ఉంటాయి, అంతే. జనన మరణాల నమోదు చట్టం 17వ సెక్షన్ ప్రకారమే, బయటికిచ్చే పత్రంలో మరణ కారణం చూపకూడదు. కారణం రాసేది వేరే ఫారంలో. ఆసుపత్రిలో పోతే ఫారం 4, ఇంట్లో పోతే ఫారం 4ఏ. చట్టమే రాయొద్దన్న దాన్ని రాయించుకుని రమ్మంటే ఎక్కడికి పోతాం? పైగా అక్టోబరు ఉత్తర్వులోనే కోర్టు స్పష్టంగా చెప్పింది, ధ్రువపత్రంలో కరోనా అని లేదన్న ఒక్క కారణంతో ఏ రాష్ట్రమూ సాయం ఆపకూడదని.

మొదటి కారణానికి కూడా జవాబు ఉంది. కేంద్ర ఆరోగ్య శాఖ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కలిసి 2021 సెప్టెంబరు 3న ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆర్‌టీపీసీఆర్ ఒక్కటే లెక్క అని లేదు. ర్యాపిడ్ టెస్టు పాజిటివ్ ఉన్నా సరే. ఆసుపత్రిలో చేర్చుకుని, చూసిన డాక్టరు పరీక్షలను బట్టి కరోనా అని నిర్ధారించినా సరే. అలా తేలిన రోజు నుంచి 30 రోజుల్లోపు చనిపోతే, ఆసుపత్రి బయట పోయినా కరోనా మరణంగానే చూడాలి. తేడా వస్తే చూడటానికి జిల్లాకొక కమిటీ. అదనపు కలెక్టరు, జిల్లా వైద్యాధికారి, మెడికల్ కాలేజీ డాక్టరు లాంటివాళ్లు ఉంటారు. దరఖాస్తు ఇచ్చాక 30 రోజుల్లో తేల్చాలి.

నేను ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్తాను. లాయర్‌ని కాదు. ఇవన్నీ ఫోన్‌లో వెతికి, చదివి, సంబంధమున్న పేజీలు ప్రింటు తీయించి గీతలు గీసుకున్నాను. కౌంటర్ దగ్గర నోటితో చెప్తే ఎవరూ వినరు. అదే కాగితం ముందు పెట్టి, ఈ లైను చదవండి సార్ అంటే, చదవకపోయినా కుర్చీ చూపిస్తారు. చిన్నమ్మ ఒక్కతే పోయిన రోజున ఆమెను గుమ్మం దాటనివ్వలేదు. మనిషి అదే, పని అదే.

ఇక ఆసుపత్రి. డాక్టరు కరోనా అని నిర్ధారించాడని చూపాలంటే కేస్ షీట్, అంటే రోజూ చేసిన వైద్యం రాసుకునే రికార్డు, కావాలి. మా దగ్గర ఉన్నవి బిల్లులు, స్కాన్ ఫిల్ము. కేస్ షీట్ ఇవ్వమంటే, అది మా దగ్గరే ఉంటుంది మేడం, బయటికి ఇవ్వం అన్నారు. ఇంకోసారి పోతే పాత బాకీ మాట తీశారు. అప్పటికే ఆ ఆసుపత్రికి చిన్నమ్మ పుస్తెలతాడు పోయింది, మా అమ్మ గాజులు పోయాయి. అప్పుడు నాకు దొరికిన ఇంకో కాగితం 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమాలు. రోగి గానీ, వాళ్ల తరఫువాళ్లు గానీ రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని అందులో ఉంది. ఆ నియమం నంబరు 1.3.2 వేసి, తేదీతో ఒక అర్జీ రాసి, నకలు మీద స్టాంపు వేసివ్వమని అడిగాను. స్టాంపు మాట ఎత్తగానే లోపలికి పిలిచారు. కేస్ షీట్ జిరాక్సు ఇచ్చారు. బాకీ గురించి మళ్లీ అడగలేదు.

అందులో అంతా ఉంది. చేరిన రోజే 'కోవిడ్ న్యుమోనియా' అని డాక్టరు చేతిరాత, ఆక్సిజన్ 78, రోజూ వార్డు పేరు, ఇంజెక్షన్ల లెక్క. ఫారం 4లో మాత్రమే ఆ మాట రాయలేదు. ఎందుకు రాయలేదో నేను అడగలేదు. అడిగితే ఏం చెప్తారో తెలుసు.

2022 జనవరి 19న సుప్రీంకోర్టు ఇంకో ఉత్తర్వు ఇచ్చింది. సాయం అందనివాళ్లను వెతికి పట్టుకోవడంలో ఉచితంగా న్యాయ సాయం చేసే న్యాయ సేవాధికార సంస్థలను కలుపుకోవాలని, సాంకేతిక కారణాలు చూపి దరఖాస్తులు తోసిపుచ్చొద్దని చెప్పింది. చెల్లింపులు మరీ తక్కువగా ఉన్నాయని ఆంధ్రప్రదేశ్, బిహార్ ప్రధాన కార్యదర్శులను అదే రోజు పిలిపించింది. ఆంధ్రలో దాదాపు 36 వేల దరఖాస్తులు వస్తే డబ్బు అందింది 11 వేల మందికి. మన తెలంగాణ లెక్క ఇంకో రకం. ప్రభుత్వం చెప్పిన కరోనా మరణాలు నాలుగు వేల లోపు, దరఖాస్తులు దాదాపు 29 వేలు, అందులో 15 వేల పైచిలుకు మందికి డబ్బు ఇచ్చారు. అంటే మరణాల లెక్కకు మూడింతలకు పైగా ఆ ప్రభుత్వమే ఒప్పుకుని చెల్లించింది. ఈ అంకెలు చూశాకే మాది కూడా అవుతుందన్న ధైర్యం వచ్చింది.

జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కోర్టు ఆవరణలోనే ఉంటుంది. అక్కడ ఫీజు లేదు. ఒక వాలంటీరు అమ్మాయి చిన్నమ్మతో మాట్లాడి, జిల్లా కమిటీకి తెలుగులో అర్జీ రాసింది. కథంతా రాయలేదు. చనిపోయిన తేదీ, చేరిన తేదీ, కేస్ షీట్‌లో ఏ పేజీలో ఏముంది, సెప్టెంబరు 3 మార్గదర్శకాల్లో ఏ పేరా వర్తిస్తుంది, అంతే. నేను రాసిన నాలుగు పేజీల అర్జీ పక్కన పెట్టేసింది. మంచి పని చేసింది.

ఆ అమ్మాయే 2016లో ఎన్‌డీఎంఏ ఇచ్చిన కనీస సహాయ ప్రమాణాలు చూపించింది. శిబిరంలో మనిషికి రోజుకు మూడు లీటర్ల తాగునీళ్లు, 30 మందికి ఒక మరుగుదొడ్డి లాంటివన్నీ అందులో ఉన్నాయి. భర్త పోయిన స్త్రీల పేర్లు వేరే రిజిస్టరులో రాయాలట. విపత్తులో భర్త పోయాడని జిల్లా యంత్రాంగం ఆమెకు 15 రోజుల్లో ధ్రువపత్రం ఇవ్వాలట. 45 రోజుల్లో డబ్బు సాయం అందేలా చూడాలట. ఇది చదివి వినిపిస్తే చిన్నమ్మ నవ్వింది. "పదిహేను దినాలల్ల ఎవలొస్తరు బిడ్డా? గా పదిహేను దినాలు మన వాకిట్లకు పాలోడు గూడ రాలె."

ఆమె అన్నది నిజమే. ఆ ప్రమాణాలు రాసినవాళ్ల కళ్లముందు ఉన్నది తుపాను, భూకంపం, శిబిరం. శిబిరంలో అయితే అధికారే వస్తాడు, రిజిస్టరు తెస్తాడు. కరోనాలో ఎవరింట్లో వాళ్లు ఉన్నారు. రిజిస్టరు మా దగ్గరికి రాలేదు, మేమే దాని దగ్గరికి పోవాల్సి వచ్చింది. అదీ చదవడం రానివాళ్లు, ఫోన్ లేనివాళ్లు, మైలపట్టి ఇంట్లో కూర్చోమన్న ఆడవాళ్లు. చిన్నమ్మ ఏడాది నిండకుండా గడప దాటడమేమిటని మా నాయనమ్మే అడ్డం పడింది. ఆఫీసు గుమ్మం సంగతి తర్వాత, ముందు మా ఇంటి గుమ్మం దాటించడానికే మాకు తల ప్రాణం తోకకొచ్చింది.

కమిటీ ముందుకు చిన్నమ్మ, నేను కలిసి వెళ్లాం. అరగంట కూడా పట్టలేదు. ఒక డాక్టరు స్కాన్ ఫిల్మును కిటికీ వెలుతురుకు పెట్టి చూశాడు. కేస్ షీట్ తిరగేశాడు. జ్వరం ఎన్ని రోజులు, ముందు షుగర్ ఉండేదా అని చిన్నమ్మను అడిగాడు. ఆమె తడుముకోకుండా చెప్పింది. "ఈ కాగితాలు మొదటిసారే పెట్టి ఉంటే అయిపోయేది కదమ్మా" అన్నాడు. అంత తేలిగ్గా దొరికేవైతే పెట్టకపోదుమా అనబోయి ఊరుకున్నాను. పని అవుతోంది కదా. తర్వాత కొద్ది రోజులకు కరోనా మరణమని అధికారిక పత్రం వచ్చింది.

డబ్బు పడిందని మెసేజ్ వచ్చింది, చిన్నాయన నంబరుకే. పాస్‌బుక్ కొట్టిస్తే అందులో లేదు. మళ్లీ టెన్షన్. బ్యాంకులో అడిగితే, ఆధార్ లింకుతో వేసే డబ్బు మనం రాసిచ్చిన ఖాతాకే వెళ్తుందని లేదు, ఆధార్‌కు చివరగా ఏ బ్యాంకు ఖాతా జతపడి ఉంటే దానికి వెళ్తుందని చెప్పారు. చిన్నమ్మ పేరున ఎప్పుడో తెరిచిన జన్‌ధన్ ఖాతా ఒకటి వేరే బ్యాంకులో ఉంది. దాని సంగతి అందరం మర్చిపోయాం. చాలా ఏళ్లు వాడక అది ఆగిపోయి ఉంది. మళ్లీ కేవైసీ, మళ్లీ వేలిముద్రలు, మళ్లీ కొబ్బరినూనె. ఆ తర్వాతే తీసుకోగలిగాం. ఇలాంటి సాయం దేనికైనా దరఖాస్తు పెట్టేముందు ఆధార్ ఏ ఖాతాకు ఉందో ఉడాయ్ వెబ్‌సైట్లో చూసుకోండి. ఫోన్ నంబరు ఎవరిదో అంతకంటే ముందు చూసుకోండి.

యాభై వేలల్లో సగం చేబదుళ్లకు పోయింది. మిగిలింది పాప కాలేజీ ఫీజుకు. ట్రాలీ ఆటోను అప్పటికే ఫైనాన్స్‌వాళ్లు పట్టుకుపోయారు. "అప్పు సంగతి గా చట్టంల ఏం లేదా?" అని చిన్నమ్మ అడిగింది. ఉంది. 12 పక్కనే 13వ సెక్షన్. తీవ్రమైన విపత్తులో నష్టపోయినవాళ్లకు అప్పుల చెల్లింపులో ఊరట ఇవ్వాలని ఎన్‌డీఎంఏ సిఫారసు చేయవచ్చని దాని సారం. మా ఊళ్లో ఎవరికీ దాని గాలి కూడా సోకలేదు. 2025లో చట్టాన్ని సవరించినప్పుడు ఆ సెక్షన్‌నే తీసేశారు. వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడి సర్వం పోయినవాళ్ల అప్పుల కేసులో, ఆ అధికారం ఇప్పుడు మాకు లేదని కేంద్రం కేరళ హైకోర్టుకు చెప్పింది. చిన్నమ్మకు ఈ సంగతి చెప్పలేదు. చెప్పినా, ఉన్నప్పుడు ఏం ఒరిగిందని అంటుంది.

కరోనా మరణమన్న ఆ పత్రం నకళ్లు చాలా తీయించి పెట్టాను. వితంతు పింఛను దరఖాస్తుతో ఒకటి జతచేశాం. చిన్నమ్మకు వచ్చిందని తెలిసి వాడకట్టులో ఇంకొందరు కాగితాలు పట్టుకుని వచ్చారు. 2022 మార్చి 24న కోర్టు గడువు పెట్టింది, మార్చి 20కి ముందు పోయినవాళ్లకు ఆ రోజు నుంచి 60 రోజులు, తర్వాత పోయేవాళ్లకు చనిపోయిన రోజు నుంచి 90 రోజులు. ఆ 60 రోజుల్లో ఇద్దరివి పెట్టించగలిగాను. రెండూ అయ్యాయి, ఇద్దరికీ ఆర్‌టీపీసీఆర్ ఉంది కాబట్టి పేచీ రాలేదు.

మూడో ఆమెది కాలేదు. ఆమె భర్త హమాలీ. చిన్నాయన పోయిన వారమే, అదే దగ్గు, అదే ఆయాసంతో పోయాడు. వరంగల్ తీసుకెళ్లడానికి డబ్బుల్లేక ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరే సెలైన్ ఎక్కించారు. టెస్టు లేదు, స్కాన్ లేదు, మందుల చీటీ కూడా లేదు. ఆసుపత్రిలో చేరి ఉంటేనే డాక్టరు మాట లెక్కకు వస్తుంది. ఆర్‌ఎంపీ మాట రాదు. గడువు దాటినా, మరీ ఇబ్బందుల్లో ఉన్నవాళ్లు ఫిర్యాదుల కమిటీకి పెట్టుకోవచ్చని కోర్టు చెప్పిన వెసులుబాటు పట్టుకుని అర్జీ ఇప్పించాం. ఊరివాళ్ల సంతకాలు, ఆశా వర్కరు మాట కూడా జతచేశాం. వైద్య ఆధారం లేదని తిప్పి పంపారు. రూలు ప్రకారం చూస్తే వాళ్లది తప్పు అనలేను. ఆమె ఇంకా ఆ అర్జీ రసీదును పాలిథిన్ కవర్లో పెట్టుకుని, ఏ ఆఫీసుకైనా పోయేటప్పుడు వెంట తెచ్చుకుంటోంది.